వాన చూసి టికెట్టు కొనాలి

మా మేనల్లుడికి ఆస్ట్రేలియా లాటరీ తగిలింది. డబ్బు లాటరీ కాదు, వీసా లాటరీ. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న మనవాళ్లలో ఏటా వెయ్యి మందికి, ఒక ఏడాది పాటు అక్కడ తిరుగుతూ ఖర్చులకు పని చేసుకునే వీలిచ్చే సబ్‌క్లాస్ 462 వీసా అది. 2024 అక్టోబరులో మనకు తలుపు తెరిచారు. పాన్ కార్డు నంబరు ఇచ్చి, 25 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకుంటే డ్రా తీస్తారు. పేరొస్తేనే అసలు దరఖాస్తు.

వాడు యానాం దగ్గర గౌతమి పాయలో నా పక్కన గాలం వేస్తూ పెరిగినవాడు. ఏడాదంతా చేపలు పట్టాలి, కుదిరితే వేట కూడా చూడాలి అని వాడి కోరిక. ఫోన్ చేసి, "మావయ్యా, డిసెంబరులో సిడ్నీకి టికెట్టు చవగ్గా ఉంది, కొనేయనా?" అన్నాడు. "ఒరేయ్, ముందు అక్కడ వానలెప్పుడో చూశావా?" అన్నాను.

ఈ వీసాలో చాలామంది పట్టించుకోని వెసులుబాటు ఒకటుంది. చేతికొచ్చాక 12 నెలల్లోపు ఎప్పుడైనా దిగొచ్చు. అక్కడ కాలు పెట్టిన రోజు నుంచే ఏడాది లెక్క మొదలవుతుంది. మొత్తం వ్యవహారంలో మన చేతిలో ఉండేది ఆ ఒక్క తేదీయే. దాన్ని తీసుకెళ్లి విమానం ఆఫర్ల చేతిలో పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చేపల కోసం వెళ్లేవాడు చేపల ముహూర్తానికి దిగాలి.

ఆ ముహూర్తం ఉత్తరాన, డార్విన్ వైపు ఉంది. అక్కడ లెక్కకు రెండే కాలాలు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన, మే నుంచి అక్టోబరు దాకా చుక్క పడదు. వానల్లో మేరీ, డేలీ నదులు గట్లు దాటి మైదానాల మీద పరుచుకుంటాయి. ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చిలోనో నీరు తీయడం మొదలవుతుంది. ముంపు నేలల్లో పెరిగిన చిరుచేపలన్నీ ఆ నీటితో పాటు చిన్న చిన్న కాలవల్లోంచి నదిలోకి జారతాయి. కాలవ నోట్లో, తేట నీరూ బురద నీరూ కలిసే గీత దగ్గర బారముండి అనే చేప కాచుకుని ఉంటుంది. ఈ అదనును అక్కడివాళ్లు 'రన్ ఆఫ్' అంటారు. ఏప్రిల్, మే దాకా నడుస్తుంది. వరద తీసే రోజుల్లో లంకల్లో గాలం వేసినవాడికి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా ఈ బారముండి మనకు పరాయిదేమీ కాదు, పండుగప్పే. కైకలూరు చెరువుల్లో పెంచేదీ, మనం పులుసు పెట్టుకునేదీ ఆ జాతే.

కాకపోతే ఇక్కడ మనం పండుగప్పను కిలోల్లో చూస్తాం, అక్కడ సెంటీమీటర్లలో చూస్తారు. డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో 55 సెంటీమీటర్ల లోపుంటే తిరిగి నీళ్లలో వదిలేయాల్సిందే. క్వీన్స్‌లాండ్‌లో 58 లోపుదీ ఉంచుకోకూడదు, 120 దాటిందీ ఉంచుకోకూడదు. పెద్దదాన్ని ఎందుకు వదలాలి అని మేనల్లుడు అడిగాడు. ఈ చేప మగదిగా ఎదిగి, కొన్నేళ్లు గడిచాక ఆడదవుతుంది. అంటే పొడవాటి చేపల్లో దాదాపు అన్నీ గుడ్లు పెట్టే తల్లులే. క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా అసలు దీన్ని పట్టనివ్వరు కూడా. వాడి చవక టికెట్టు సరిగ్గా ఆ రోజుల్లో దింపుతుంది! లైసెన్సు సంగతీ చోటును బట్టే. నార్తర్న్ టెరిటరీలో సరదాగా గాలం వేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. న్యూ సౌత్ వేల్స్‌లో, విక్టోరియాలో డబ్బు కట్టాలి. దేశం ఒకటే గానీ ఏ రాష్ట్రం చట్టం దానిది.

నీళ్ల దగ్గరికి వెళ్లే దారి కూడా ఎవరిదో ఒకరిది. ఉత్తర తీరంలో చాలా భాగం ఆదివాసీల భూమి. ఆ నేల మీద పోటు నీరు ఎక్కిన చోట కూడా వాళ్ల అనుమతి లేకుండా చేపలు పట్టకూడదని 2008లో ఆస్ట్రేలియా హైకోర్టు బ్లూ మడ్ బే కేసులో తేల్చింది. మన సుప్రీంకోర్టు లాంటిదే ఆ హైకోర్టు, దానిపైన ఇంకో కోర్టు లేదు. కొన్ని చోట్ల ఒప్పందాల వల్ల దారి తెరిచే ఉంది, మిగతా చోట్లకు నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ కావాలి. అక్కడికి వెళ్లాక చూసుకుందామనుకుంటే వారాలు వృథా అవుతాయి. ఇక మొసళ్లు. 1971లో రక్షణ కల్పించేనాటికి నార్తర్న్ టెరిటరీలో మూడు వేలకు పడిపోయిన ఉప్పునీటి మొసళ్లు ఇప్పుడు సుమారు లక్ష. నీటి అంచుకు ఐదు మీటర్ల దూరంలో నిలబడాలని, పట్టిన చేపను ఒడ్డున కోయొద్దని, రోజూ ఒకే చోట గాలం వేయొద్దని చెబుతారు. గోదావరిలో మోకాలి లోతు దిగి విసిరే అలవాటును వాడు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వెళ్లాలి.

వేట దగ్గరే మా ఇద్దరికీ కాసేపు వాదన జరిగింది. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో వేట ముగిసింది, ముగిసి మంచిపనే అయింది. నల్లమలలో చుక్కల దుప్పిని తుపాకీ గొట్టం చివర ఊహించుకోవడం నా వల్ల కాదు. కానీ అదే దుప్పి 1886లో ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో, చార్టర్స్ టవర్స్‌కు పైనున్న మేరీవేల్ అనే పశువుల క్షేత్రానికి ఓడెక్కి వెళ్లింది. అక్కడ పులి లేదు, చిరుత లేదు, రేచుకుక్క లేదు. డింగో ఉన్నా మందను అదుపు చేసేంత ఉధృతి దానికి లేదు. గడ్డి కరువైన ఏడు ఆవు మేయాల్సిన మేత దుప్పి మేస్తుంటే అక్కడి రైతుకు కనిపించేది అందమైన జంతువు కాదు. విక్టోరియా కొండల్లో మన కణుజుదీ అదే కథ. 1860లలో తెచ్చి వదిలారు, ఇప్పుడు అడవంతా దానిదే. మేనల్లుడు వెళ్తే ఆ రైతు పక్కన నిలబడి చూస్తాడు. వద్దని నేను అనలేదు. నేనైతే వెళ్లను.

తుపాకీ పట్టుకోవడం మాత్రం వేరే సంగతి. 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో ఒక దుండగుడు 35 మందిని కాల్చి చంపాక, పన్నెండు రోజుల్లో దేశమంతా కలిసి కఠినమైన ఒప్పందానికి వచ్చింది. సరైన కారణం చూపకుండా లైసెన్సు రాదు, అది కూడా రాష్ట్రానికొక రకం. ఏడాది వీసా మీద వెళ్లినవాడు తుపాకీ చుట్టూ ప్రణాళిక అల్లుకుంటే ఆ ఏడాది దరఖాస్తుల్లోనే తెల్లారుతుంది. లైసెన్సున్న స్థానికుడి వెంట, అతని మాట విని నడవడమే దారి. క్వీన్స్‌లాండ్‌లో ప్రభుత్వ అడవుల్లో వేట కుదరదు. భూమి ఉన్న ఆసామి సరేనంటేనే.

అక్కడికొచ్చేసరికి పని గురించి మా ఆలోచన తిరగబడింది. మొదట వాడి లెక్క మామూలుగానే ఉంది. సిడ్నీలో ఏదో కేఫ్‌లో గంటకు ఇంతని సంపాదించి, ఆ డబ్బుతో సెలవుల్లో చేపలకు వెళ్లడం. కేఫ్ యజమానికి వాగు ఉండదు కదా! పశువుల క్షేత్రంలో పనికి కుదిరితే వాగు, దుప్పులు, ఆసామి పరిచయం అన్నీ ఒకే కంచె లోపల ఉంటాయి. కొత్తవాడు వచ్చి తలుపు తట్టి వేటకు రానిమ్మంటే ఎవరూ ఒప్పుకోరు. నెల రోజులు కంచెలు బాగుచేసి, బోర్లు చూసి, గేటు మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి వదిలేవాడిని ఆసామే పిలుస్తాడు. మే తర్వాత పశువులను మళ్లించే పనులకు మనుషులు కావాలి. ఉత్తరాన ఇలాంటి పని మూడు నెలలు చేస్తే రెండో ఏడాది వీసాకూ అర్హత వస్తుంది. కాబట్టి జీతం చూసి కాదు, నేల చూసి పని వెతుక్కోమన్నాను.

రొయ్యల పడవల మాటా వచ్చింది. ఉత్తరాది సముద్రంలో ఏప్రిల్ నుంచి ఒక సీజను, ఆగస్టు నుంచి టైగర్ రొయ్య సీజను. డార్విన్, కరుంబా, కెయిర్న్స్ రేవుల్లో డెక్ మీద పనికి కుర్రాళ్లను తీసుకుంటారు. డబ్బొస్తుంది. కానీ వారాల తరబడి ఒడ్డు కనపడదు, రాత్రంతా రొయ్యలు ఏరుతూనే ఉండాలి. చేపల మీద మోజు పోగొట్టుకోవడానికి అంత దూరం వెళ్లడం దేనికి?

చివరికి కుదిరిన పథకం ఇది. ఫిబ్రవరి చివర్లో డార్విన్‌లో దిగడం, రన్ ఆఫ్ నడిచినన్నాళ్లు దొరికిన చిన్న పని చేసుకుంటూ నదుల వెంట తిరగడం. మేలో చార్టర్స్ టవర్స్ వైపు. అక్టోబరు ఎండలు ముదిరేసరికి దక్షిణానికి, నవంబరు నుంచి టాస్మానియా కొండల మీది సరస్సులకు. 1864లో ఇంగ్లండ్ నుంచి మంచులో, నాచులో పొదిగి ఓడలో తెచ్చిన గుడ్ల నుంచి పుట్టిన బ్రౌన్ ట్రౌట్ సంతతి అక్కడుంది. వేసవిలో మేఫ్లై పురుగులు నీటి మీద లేచే వేళ వాటిని పట్టడం మరో విద్య, వాడికి అసలు రాదు. నాకూ రాదు. నేర్చుకోవడానికి మూడు నెలలుంటాయి.

సామాను గురించి ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పాను. వాడిన గాలాలు, రీళ్లు, బూట్లు కడిగి ఆరబెట్టి, ఎయిర్‌పోర్టులో దాచకుండా చూపించాలి. బయటి నుంచి రోగం వస్తుందేమోనని అక్కడ భయం. 2016 ఆఖర్లో క్వీన్స్‌లాండ్ లోగన్ నది పక్క రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చ రోగం పడి పంటంతా పోయింది. ఎవరో ఎరగా వాడిన దిగుమతి పచ్చి రొయ్యల ద్వారా వచ్చి ఉంటుందని అనుమానించినవాళ్లున్నారు. తెల్లమచ్చ అంటే ఏమిటో గోదావరి కుర్రాడికి చెప్పాలా? అందుకే దుకాణంలో తినడానికి కొన్న పచ్చి రొయ్యను ఎర వేయొద్దని అక్కడ అంత పట్టుదలగా చెబుతారు.

తంగూసు, లూర్లు అక్కడే కొనుక్కోవచ్చు. ఇంకా తేలనిది ఒక్కటే. పశువుల క్షేత్రాల్లో గేరు బండి రానివాణ్ని పనికి పెట్టుకోవడం కష్టం. మా వాడు లైసెన్సు తీసుకున్నది స్కూటీ మీద, కారు నడిపిందీ ఆటోమేటిక్కే. పాలకొల్లులో నా స్నేహితుడి పాత బొలెరో ఒకటుంది. సంక్రాంతి లోపు చెరువు గట్ల మీద దాన్ని తోలడం నేర్చుకోమన్నాను. ఆ తర్వాతే టికెట్టు.