ఇంజన్ మారింది, తప్పు అతుకుల్లో ఉంది

సాలూరుకి ఉత్తరాంధ్రలో లారీల ఊరని పేరు. విజయనగరం నుంచి బర్గఢ్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి (ఇక్కడి భాగం పాత లెక్కలో 43) ఈ ఊరు దాటగానే ఘాట్ ఎక్కి ఒడిశాలో దిగుతుంది. 2022లో ఊరు విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారినా షెడ్ల పని మారలేదు. ఒకటి రెండు లారీల మీద ఇల్లు గడుపుకునే యజమాని బోరు అరిగిపోతే కొత్త బండి కొనలేడు. అదే రకం ఇంజన్ మరొకటి తెచ్చి ఎక్కిస్తాడు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, మిస్సింగ్ వస్తుంది, పొగ కమ్ముతుంది, ఘాట్‌లో బండి హీటెక్కుతుంది. పాడైన ఇంజన్ అంటగట్టారని యజమాని గుండె గుభేలుమంటుంది. ఇంజన్‌ను మళ్లీ దించి విప్పడానికి తొందరపడని మేస్త్రి అసలైన మేస్త్రి. ఇంజన్‌కీ బండికీ మధ్య ఉన్న అతుకులను అతను ముందు చూస్తాడు. మార్పిడి తర్వాత వచ్చే జబ్బుల్లో చాలా వరకు విప్పి మళ్లీ బిగించిన చోట్లే ఉంటాయి. ఆ క్రమంలో వెతకడమే ఈ పనితనానికి ప్రాణం.

బ్యాటరీ నిండుగా ఉన్నా సెల్ఫ్ మూలుగుతోందంటే ముందు చూడాల్సింది ఎర్త్ పట్టీని. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. ఇంజన్ దించేటప్పుడు ఊడదీసిన పట్టీని తిరిగి బిగించడం మరిచినా, రంగు గోకకుండా ఛాసిస్‌కు బిగించినా, సెల్ఫ్ మోటారుకు కావలసిన కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబులో క్లచ్ కేబులో చేతికి కాలుతోందంటే కరెంటు అందులోంచి పోతున్నట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య మీటరు పెడితే అర వోల్టుకు మించి చూపకూడదు. మించితే ముందు మోటారు విప్పక్కర్లేదు, పట్టీని సరిగా బిగించాలి, పాడైతే మార్చాలి. ఆయిల్ ప్రెజర్ ముల్లు కింద పడిపోయినా ఇదే జాగ్రత్త. ప్రెజర్‌ను మీటరుకు చేరవేసే సెండర్ ఒక ఇంజన్‌ది, మీటరు మరొకదానిది అయితే లెక్క తప్పుతుంది. ఇంజన్ వెంటనే ఆపి, బయటి గేజ్ బిగించి ప్రెజర్ చూశాకే బేరింగుల మాట ఎత్తాలి.

డీజిల్ దారి ఇంకా మాయదారిది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు గొట్టంలో ఉండేది పీల్చే బలం. అక్కడ చిన్న చీలిక ఉన్నా డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. షెడ్లో దీన్నే ‘ఎయిర్ పట్టింది’ అంటారు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడితే బుడగలు వస్తాయి. బుడగలు ఆగి, కాసేపటికి మళ్లీ వస్తే దోషం పంపుది కాదు, వెనకనున్న గొట్టానిది. ఆ తర్వాతే మిస్సింగ్ సంగతి. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా పాత పద్ధతి పంపు ఉన్న ఆరు సిలిండర్ల బండిలో ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేస్తూ పోతారు. ఏ నట్టు వదిలినా ఇంజన్ శబ్దం తగ్గాలి. తగ్గని చోట ఆ సిలిండరు అంతకుముందే పని చేయడం లేదన్నమాట. పొగ రంగూ సాక్ష్యమే. నల్లటిదైతే గాలి చాలలేదు లేదా డీజిల్ ఎక్కువైంది. నీలమైతే ఆయిల్ కాలుతోంది. తెల్లటిదైతే డీజిల్ సరిగా మండలేదు, పంపు బిగించేటప్పుడు టైమింగ్ ఒక పల్లు తప్పి ఉండవచ్చు. అదే తెలుపు ఆవిరిలా ఆగకుండా వస్తూ రేడియేటరు నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

చెవితో, కంటితో చేసే వైద్యం ఊహ కాదా అని అడిగేవారున్నారు. ఊహైతే తేలికగానే బయటపడేది. నట్టు వదిలే పరీక్షలో ప్రతి సిలిండరుకీ ఒక ప్రశ్న, ఒక జవాబు ఉంటాయి. మరో మేస్త్రి వచ్చి చేసినా అదే ఫలితం రావాలి. స్కానరు వచ్చాక ఇవన్నీ ఎందుకన్నది ఇంకో అభ్యంతరం, అది బలమైనదే. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 బండ్లలో నట్టు వదిలి చూడకూడదు. కామన్ రైల్ పైపులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, ఆ ధార ఒంటికి తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ స్కానరే శరణ్యం. కానీ స్కానరు చెప్పేది ‘రైల్ ప్రెజర్ తక్కువ’ అని మాత్రమే. తగ్గింది పంపు వల్లా, నిండిన ఫిల్టరు వల్లా, గాలి పీల్చే గొట్టం వల్లా అన్నది మనిషే తేల్చాలి. కోడ్ చూసి పంపు మార్చేసే అలవాటు ఇంజన్‌ను అనుమానించే పాత తొందరకు కొత్త రూపం. పత్రాల మాటకొస్తే వాదన లేదు. ఇంజన్ నంబరు ఆర్సీలో నమోదు కావలసిందే. షెడ్డు పని ఎంత బాగున్నా ఆ నమోదు లేకపోతే బండి రోడ్డెక్కకూడదు.

ఘాట్ పరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సాలూరు నుంచి విజయనగరం దాకా చల్లగా నడిచిన బండి, సాలూరు దాటాక ఒడిశా వైపు ఎక్కే పి. కోనవలస ఘాట్‌లో లోడుతో మరిగిపోతే అందరూ ఇంజన్ వైపే వేలు చూపిస్తారు. అయితే ఎక్కుడులో వేగం తక్కువ, శ్రమ ఎక్కువ, గాలి భారమంతా ఫ్యాన్‌దే. ఫ్యాన్ రేడియేటరుకు దూరమైనా, చుట్టూ ఉండే రేకు కవచాన్ని ఇంజన్ మార్చినప్పుడు తిరిగి పెట్టకపోయినా చదును దారిలో తెలియని లోపం ఇక్కడ బయటపడుతుంది. నీళ్లు పోసేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి కూడా ఇదే పని చేస్తుంది. అందుకే మొదటి లోడు ఘాట్ ఎక్కేదాకా పని పూర్తయినట్టు భావించరాదు.

ఈ విద్యకు పెద్ద లోపం ఒకటుంది: ఇది రాతలో లేదు. ఏ బండికి ఏ పంపు ఎక్కింది, టైమింగ్ ఎక్కడ పెట్టారు, ఎర్త్ ఎక్కడ బిగించారు అన్నది మేస్త్రి జ్ఞాపకంలోనే ఉంటుంది. అతను పని మానేస్తే అదీ పోతుంది. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలను ఇంజన్ దించే రోజునే షెడ్డుకు పంపి, విప్పిన ప్రతి అతుకునూ ఫొటో తీయించి, మార్చిన భాగం నంబరు, మార్చిన తేదీ ఆ బండి పేరిట ఒక పుస్తకంలో రాయిస్తే ఖర్చు దాదాపు లేదు. తిరిగి బిగించేటప్పుడు అదే పుస్తకం చూస్తూ ఒక్కో వరుసకూ టిక్కు పెట్టవచ్చు.