పెడన అద్దకములు – చూచెడి కన్ను

అద్దకపు దుప్పటి నొకదానిని చేతికిచ్చి యెట్లున్నదని యడిగినచో మన యిండ్లలో సాధారణముగా వచ్చు సమాధానము "రంగులు బాగున్నవి" యనియే. చదువుకొన్నవారును ఇంతకు మించి చెప్పరు. రంగు చివరి మాట. మొదటిది గీత, ఆ గీతకు బ్రదుకిచ్చునది దాని చుట్టునున్న వెలితి.

ఈ సంగతి పుస్తకములలో కంటె పాలకాయతిప్ప యొడ్డున తేలికగా బోధపడును. హంసలదీవికి చేరువను, కృష్ణ సముద్రమున గలియు తావునకు దాపునను ఉన్న ఆ యిసుకపై నిలిచి చూడుడు. నీటిని నింగిని వేఱుచేయు నడ్డగీత యొకటి, దూరమున నొక పడవ, తక్కినదంతయు ఖాళీ. కన్ను తిన్నగా పడవపై వ్రాలును. అచటనే నూఱు పడవలు క్రిక్కిఱిసినచో దేనిని చూచితిమో చెప్పలేము.

ఈ కృష్ణా తీరమున గవ్వసున్నము గలసిన యిసుకనేలలలో పెరిగిన చిరివేరే పూర్వము బందరు అద్దకములకు ఎఱుపు నిచ్చినది. బందరు చెంతనున్న పెడనలో టేకు అచ్చుల పని నేటికిని సాగుచున్నది. గుడ్డను కరక్కాయయు గేదెపాలును గలిపిన నీట ముంచి యారవేయుదురు. పాలలోని జిడ్డు రంగును ప్రాకనీయదు. గీత పదును నిలుచుట దానివలననే. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీట పులియబెట్టి తీసిన ద్రవముతో ముందుగా నల్లని రేఖల నద్దుదురు. ఎఱుపు వలసిన తావుల పటికనీరు అద్దుదురు. ఆ యెఱుపు అప్పుడే పుట్టదు, కాగులో వేళ్ల రసముతో మఱగిన పిమ్మట పుట్టును. కావున రంగు పుట్టకమునుపే దాని చోటెఱిగి పనివాడు అచ్చు మోపవలెను. మనము రంగని మెచ్చుకొనునది, నిజమునకు, అతడు తూచి విడిచిన దూరమును.

కొనువాని కన్ను ఈ దూరమును మార్చగలదు. 1643లో ఈస్టిండియా కంపెనీవారు లండను నుండి సూరతులోని తమ యుద్యోగులకు వ్రాయుచు, దుప్పట్లకు ఎఱ్ఱనేల తగ్గించి తెల్లనేల హెచ్చు చేయింపుడని కోరిరి. వారిది వర్తకుల లెక్కయే కావచ్చును. అయినను, లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోనున్న కోరమాండలు తీరపు పలంపోరులను గాంచినచో, తెల్లని నేలపై మెలికలు తిరిగి పైకి ప్రాకు కల్పవృక్షపు కొమ్మ వెంట చూపు తనంతట తానే నడచును.

మఱి నేడు మనమేమి కోరుచున్నాము? జాగా మిగిలినచో డబ్బు నష్టమైనట్లు తలంచి, అంగుళమంగుళమున నెమలి, ఏనుగు, మామిడిపిందె కావలెనందుము. తెరయచ్చు గుడ్డలు కలంకారి పేర చెల్లుచున్నవని వాపోవుదుము గాని, చేతియచ్చు పనిలోను ఈ క్రిక్కిఱిత ప్రవేశించినదని యొప్పుకొనము. చేతిపని యైనంతమాత్రమున చెడ్డకూర్పు మంచిది కాదు. అచ్చులు కలియుచోట వెండ్రుకవాసి తొలగుట దోషమని మేమనము. అది చేతి జాడ. ఊపిరాడనీయని నింపుడే దోషము.

కొనుటకు ముందు గుడ్డను తలుపునకు వ్రేలవేసి, పదియడుగుల దూరమున నిలిచి, కనులు సగము మూసి చూడుడు. రంగులు మసకవాఱును. అప్పటికిని కొమ్మ కొమ్మగాను, నెమలి నెమలిగాను తోచినచో తీసికొనుడు. మేమిటీవల ముచ్చటపడి కొన్న దుప్పటిని ఇంటికి తెచ్చిన పిమ్మట నట్లు చూచితిమి. తడిసిన గోడ యొకటి కానవచ్చినది.