శిక్షల లెక్కలో కనిపించని పిల్లలు

మనవాళ్ళు నలుగురు కలిసినచోట పిల్లల చదువుల ప్రసక్తి వస్తే తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మా రోజుల్లో పంతులుగారి బెత్తానికి భయపడి చదువుకున్నాం. అమెరికాలో ఆ భయం లేదు గనకనే హైస్కూళ్ళు ఇలా తయారయ్యాయి." తెలుగు మాధ్యమంలో చదువుకున్న నేనూ చాలాకాలం ఈ మాటను సమర్థించాను. ఇక్కడి బడులలో క్రమశిక్షణపై వచ్చిన ఒక నివేదిక చదివాక నా అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. ఆ నివేదిక బలాన్నీ, పరిమితులనూ పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

'బ్రేకింగ్ స్కూల్స్ రూల్స్' అనే ఈ నివేదిక 2011 జులైలో వెలువడింది. కౌన్సిల్ ఆఫ్ స్టేట్ గవర్నమెంట్స్ వారి జస్టిస్ సెంటర్, టెక్సస్ ఎ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలోని పబ్లిక్ పాలసీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి దీన్ని రూపొందించాయి. 2000, 2001, 2002 సంవత్సరాలలో టెక్సస్ ప్రభుత్వ పాఠశాలల్లో ఏడవ తరగతిలో ఉన్న పిల్లలందరినీ, అంటే దాదాపు పదిలక్షల మందిని, రికార్డుల ద్వారా కనీసం ఆరేళ్ళపాటు అనుసరించారు. మచ్చుకు కొందరిని ఎంచుకున్న అధ్యయనం కాదు గనక, దీని అంకెలను తేలికగా కొట్టిపారేయలేం.

ఆ పిల్లల్లో దాదాపు 60 శాతం మంది ఏడు నుంచి పన్నెండవ తరగతి లోపల కనీసం ఒక్కసారైనా సస్పెన్షన్‌కో బహిష్కరణకో గురయ్యారు. ఈ అంకె చూడగానే పిల్లలు చెడిపోయారనిపిస్తుంది. అయితే చట్టప్రకారం తప్పనిసరిగా శిక్షించవలసిన నేరాలకు తీసుకున్న చర్యలు మొత్తంలో 3 శాతమే. తక్కినవన్నీ బడి పెద్దలు తమ విచక్షణతో తీసుకున్నవి. వాటిలో అత్యధికం ఆయా బడులు రాసుకున్న ప్రవర్తనా నియమాలను ఉల్లంఘించినందుకు.

నివేదికలో అన్నిటికన్నా విలువైన భాగం దీని తరువాత వస్తుంది. 83 అంశాలను సరిచూసుకుని లెక్కవేసినా, అన్నివిధాలా సమానులైన తెల్లజాతి పిల్లల కంటే నల్లజాతి పిల్లలకు ఈ విచక్షణాపూర్వక శిక్షలు పడే అవకాశం 31 శాతం ఎక్కువని తేలింది. విద్యార్థుల నేపథ్యాలు ఒకేలా ఉన్న బడుల మధ్య కూడా శిక్షల సంఖ్యలో పెద్ద తేడాలు కనిపించాయి. ఒకే రక్తానికి రెండు ల్యాబులు రెండు ఫలితాలిస్తే, వైద్యుడు ముందు అనుమానించేది రోగిని కాదు, పరికరాన్ని. 'అవిధేయత' పేరిట మనం కొలుస్తున్నది పిల్లల నడవడిని మాత్రమే కాదు, పెద్దల ఓర్పును కూడా.

పరిమితుల సంగతికి వస్తే, శిక్ష పొందినవారిలో 31 శాతం మంది కనీసం ఒకసారి అదే తరగతి మళ్ళీ చదివారు; శిక్ష పొందనివారిలో అలాంటివారు 5 శాతమే. దీన్నిబట్టి శిక్షే వారి చదువు చెడగొట్టిందనడం తొందరపాటు. ఐసియులో మరణాలు ఎక్కువ గనక ఐసియుయే ప్రాణం తీస్తోందని అనలేం కదా. ఇక, ఒక్క విద్యార్థి అల్లరి వల్ల పాఠం ఆగిపోయిన ముప్ఫైమంది తోటిపిల్లల నష్టాన్నీ, ఆ గదిలో ఒంటరిగా నిలబడ్డ ఉపాధ్యాయురాలి కష్టాన్నీ ఈ రికార్డులు చెప్పలేవు.

అన్నిటికన్నా పెద్ద లోటు మరొకటి. రికార్డుకు తెలిసేది చర్య మాత్రమే, కారణం తెలియదు. మా ఎనిమిదవ తరగతిలో ఒక అబ్బాయి నల్లబల్ల మీది లెక్కలు రాసుకోకుండా పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసేవాడు. గోడకుర్చీ వేయించారు, తొడపాశం పెట్టారు, అరచేతులు వాచేలా కొట్టారు. చూసి మేమంతా నవ్వేవాళ్ళం. తొమ్మిదిలోకి రాకుండానే బడి మానేశాడు. వైద్యవిద్యలో హ్రస్వదృష్టి గురించి చదువుతున్న రోజున వాడు గుర్తొచ్చాడు. వాడికి బల్ల కనిపించేది కాదేమో! కళ్ళు పరీక్షించినవారు లేరు గనక ఖచ్చితంగా చెప్పలేను. వాడి పేరు బడి రిజిస్టరులో ఉంటే, 'క్రమశిక్షణ లేనివాడు' అనే ఉంటుంది.

మనం కోల్పోయామనుకుంటున్న బెత్తం సంగతి కూడా చూద్దాం. బడిలో కొట్టడం రాజ్యాంగ విరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1977లో ఇంగ్రహమ్ వర్సెస్ రైట్ కేసులో తీర్పునిచ్చింది. తెలుగువారు వేలసంఖ్యలో స్థిరపడ్డ టెక్సస్‌లోనే, స్కూల్ డిస్ట్రిక్ట్ అందుకు అనుమతిస్తే, వద్దని తల్లిదండ్రులు రాసివ్వని పిల్లలను కొట్టడానికి 2011 నాటి చట్టం వీలు కల్పించింది. మనం వదిలివచ్చిన దేశమేమో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ద్వారా శారీరక దండనను నిషేధించింది. కాబట్టి, అక్కడ భయం ఉంది, ఇక్కడ లేదు అన్న మన వాదన చట్టాల దగ్గరే తలకిందులవుతుంది.

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత నిజమే. అయితే వంచేముందు మొక్క ఎందుకు వంకరపోతోందో చూడాలి. పిల్లవాణ్ణి బడి నుంచి పంపివేయడంలోని ప్రమాదాలను అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2013లో ఎత్తిచూపింది. 2014లో, కౌమారంలో నిద్రలేమిని దృష్టిలో ఉంచుకుని, మిడిల్ స్కూళ్ళు, హైస్కూళ్ళు ఉదయం 8:30కి ముందు మొదలుకాకూడదని సూచించింది. కాలిఫోర్నియా 2023లో చేసిన చట్టం, కేవలం ధిక్కారం పేరిట హైస్కూలు విద్యార్థులను సైతం సస్పెండ్ చేయకుండా ఆపింది. అయినా తరగతి నుంచి బయటికి పంపే అధికారం ఉపాధ్యాయులకు మిగిల్చింది. నాకిది సమంజసమైన మధ్యేమార్గంగా తోస్తుంది.

ఈసారి బడి నుంచి మీ అబ్బాయి గురించో అమ్మాయి గురించో ఫిర్యాదు వస్తే, ఎంత శిక్ష వేశారని అడిగేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: కళ్ళు కనిపిస్తున్నాయా, చెవులు వినిపిస్తున్నాయా, రాత్రి నిద్రపోతున్నారా, బడిలో ఎవరైనా వేధిస్తున్నారా? మా ఎనిమిదవ తరగతిలో ఈ ప్రశ్నలు అడిగినవారు ఒక్కరూ లేరు.