మంచి మాస్టారి చెయ్యి

బడిలో బలమున్నవాడు బలహీనుణ్ని ఏడిపించే కథలు మనకు కొత్త కాదు. చివర్లో ఒక మంచి మాస్టారు వస్తాడు, దుష్టుడు తల వంచుతాడు, కథ కంచికి చేరుతుంది. బారీ హైన్స్ 1968లో ప్రచురించిన ‘ఎ కెస్ట్రల్ ఫర్ ఎ నేవ్’ నవలలోనూ అటువంటి మాస్టారున్నాడు. కాని హైన్స్ ఆయన్నూ వదిలిపెట్టలేదు. ఇంగ్లండులో యార్క్‌షైర్ బొగ్గుగనుల ప్రాంతంలో గని కార్మికుడి కొడుకుగా పుట్టి, డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన రచయిత ఆయన.

పదిహేనేళ్ల బిల్లీ కాస్పర్ బీద కుర్రాడు. ఒక చిన్న డేగను మచ్చిక చేసుకోవడం తప్ప అతని బతుకులో వెలుగు లేదు. ఆ బడిలో దౌర్జన్యం పైనుంచి కిందికి పారుతుంది. సిగరెట్లు కాల్చి పట్టుబడ్డ పెద్ద పిల్లలు తమ సరుకును, ఏదో కబురు చెప్పడానికి వచ్చిన ఒక చిన్నవాడి జేబుల్లో కుక్కుతారు. హెడ్మాస్టరు వాడి మాట వినడు, వాడికీ బెత్తం దెబ్బలే. డ్రిల్లు మాస్టారు బిల్లీని చన్నీళ్ల షవరు కింద నిలబెట్టి, తోటి పిల్లల్నే కాపలా పెడతాడు. పిల్లలకు దౌర్జన్యం నేర్పే పాఠం ఇంతకన్నా వేరే ఏముంటుంది?

ఇక ఫార్తింగ్ మాస్టారు. బిల్లీ చేత క్లాసులో డేగ గురించి మాట్లాడించిన ఏకైక ఉపాధ్యాయుడు. ఇంటి గుట్టు ఎత్తి బిల్లీని చితకబాదుతున్న మెక్‌డవల్‌ను పట్టుకుని, బలవంతుడి చేతిలో పడితే ఎలా ఉంటుందో చూడమంటూ తన బలమే చూపిస్తాడు. చదువుతున్నప్పుడు మన చెయ్యీ లేస్తుంది. నా చెయ్యీ లేచింది. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో నేనూ పోట్లాటల్ని ఇలాగే ‘పరిష్కరించాను’. కొట్టినవాణ్ని కొట్టి, న్యాయం చేశాననుకుని స్టాఫ్‌రూముకు వెళ్లి టీ తాగాను. ఫార్తింగ్ దయ నిజం, ఆయన చేతిలోని సాధనం మాత్రం హెడ్మాస్టరుదే.

అన్న జడ్ విషయంలో రచయిత చూపు మరింత స్పష్టం. తెల్లవారకముందే గనిలోకి దిగే జడ్, తన పందెం డబ్బు బిల్లీ కట్టనందుకు డేగను చంపుతాడు. గని బతుకు చూశాం కనుక అతణ్ని అసహ్యించుకుంటూనే అర్థం చేసుకుంటాం.

మెక్‌డవల్‌కు ఆ అవకాశం దక్కలేదు. అతడూ ఆ ఊరి పిల్లవాడే. అతడి ఇల్లెలాంటిదో నవల చెప్పదు. ఫార్తింగ్ అడగలేదు సరే, హైన్స్ అయినా అడగవలసింది.