తీసేసిన చరణాలు

అమెరికా కంట్రీ గాయని లొరెట్టా లిన్ గురించి ఎవరు రాసినా ముందు ఆమె పేదరికమే రాస్తారు. కెంటకీ కొండల్లో బుచర్ హాలర్ అనే బొగ్గుగనుల పల్లె, ఎనిమిది మంది పిల్లల ఇల్లు, చిన్న వయసులో పెళ్లి, భర్త కొనిచ్చిన చవక గిటారు. ఆ తర్వాత తీర్పు: బతికిందే పాడింది, అందుకే జనానికి నచ్చింది. పొగడ్తలా వినిపించే ఈ మాట ఆమెకు చేసే అన్యాయం చిన్నది కాదని నా నమ్మకం. అలా బతికిన ఆడవాళ్లు ఆ కొండల్లో ఎంతమంది లేరు! బతుకు దానంతటది పాట అయిపోదు. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్న లెక్క తెలిసిన చేయి పడాలి. లొరెట్టా గొప్పతనం ఆ లెక్కలో ఉంది.

‘కోల్ మైనర్స్ డాటర్’ పాటే తీసుకోండి. 1970లో విడుదలై కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆమె రాసుకొచ్చిన పాట ఇంకా చాలా పొడుగు. నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ కొన్ని చరణాలు తీసేయమంటే తీసేశారు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వాటి కోసం బాధపడ్డారు. మిగిలిన పాటలో ఏముందో చూడండి. బట్టలు ఉతికి ఉతికి రక్తం కారే తల్లి వేళ్లు, కిరసనాయిలు దీపం దగ్గర బైబిలు, చలికాలం చెప్పుల కోసం అమ్మిన పంది. అన్నీ కంటికి కనిపించేవే. జాలి పడమని పాట ఎక్కడా అడగదు. చరణాలు సాగేకొద్దీ శ్రుతి ఒక్కో మెట్టు పైకి జరుగుతుంది గానీ గొంతులో ఏడుపు జీర రాదు. ఇంత నిగ్రహాన్ని అమాయకత్వం అనుకోవడం మన వినికిడిలోని లోపం.

మరి ఆమె పాడిన ‘ద పిల్’ సొంతంగా రాసింది కాదు కదా, అది వేరేవాళ్ల పాట కదా అని అడగొచ్చు. నిజమే. గర్భనిరోధక మాత్ర గురించిన ఆ పాటను 1972లో రికార్డు చేస్తే కంపెనీ 1975 దాకా బయటికి వదల్లేదు. వదిలాక చాలా రేడియో స్టేషన్లు వేయబోమన్నాయి. అయినా కంట్రీ పట్టికలో 5వ స్థానం దాకా వెళ్లింది. ఆ పాటలో ఉపన్యాసం లేదు. కోళ్లగూడు, పొదిగే పెట్టె, ఏటేటా కాన్పులతో విసిగిన భార్య మొగుడికి చెప్పే మాటలు, అంతే. ఆరుగురు పిల్లల తల్లి అయిన గాయని, వేరొకరి మాటల్లో తన ఇంటి యాసను గుర్తుపట్టి ఎంచుకోవడం కూడా రాయడమంత కష్టమైన పనే.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. ఆమె ఆత్మకథలో, దాని ఆధారంగా వచ్చిన 1980 నాటి సినిమాలో ఆమెకు పదమూడేళ్లకే పెళ్లయినట్టు ఉంది. జనన రికార్డు ప్రకారం పుట్టింది 1932లో, అంటే పెళ్లినాటికి పదిహేను నిండాయి. ఈ సంగతి 2012లో బయటపడింది. తన బతుకే నిజంగా చెప్పనప్పుడు పాటల్ని ఎలా నమ్మాలని కొందరన్నారు. వయసు తప్పు చెప్పడాన్ని నేను సమర్థించను, చదివినవాళ్లు నమ్మారు కాబట్టి. కానీ బతుకును ఉన్నదున్నట్టు ఒలకబోయడమే ఆమె బలమని నేను అనలేదు, అలా అన్నవాళ్లకే ఈ చిక్కు. పైగా ఆమెకు శాశ్వతంగా పేరు తెచ్చిన ‘కోల్ మైనర్స్ డాటర్’ పాటలో పెళ్లి ప్రస్తావనే లేదు. గిటారు లేదు, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ లేదు, పేరుప్రతిష్ఠలు అసలే లేవు. ఎన్నో ఏళ్ల తర్వాత కూతురు ఆ కొండమీది ఇంటికి తిరిగొస్తుంది. అక్కడ నేల తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు.