స్వీయనియంత్రణ పద్ధతియు తెలుగు వ్రాతయు

విద్యార్థుల వ్యాసరచనను బాగుచేయుటకు మన పాఠశాలలలో చిరకాలముగా నున్న సాధనము ఎఱ్ఱసిరా. పిల్లవాడు వ్రాసి తెచ్చును. ఉపాధ్యాయుడు ఒత్తులను, విభక్తులను దిద్దును. పిల్లవాడు మార్కులు చూచుకొని పుస్తకము మూయును. ఇందు పదునెక్కునది దిద్దువాని చూపే గాని వ్రాయువాని చూపు కాదు.

ఈ లోపమునకు విరుగుడుగా అమెరికాలో కారెన్ హారిస్, స్టీవ్ గ్రాహం అను విద్వాంసులు 1980 దశకమున స్వీయనియంత్రణతో గూడిన రచనాబోధన పద్ధతిని రూపొందించిరి. బాలుడు తన లక్ష్యమును తానే పెట్టుకొనుట, వ్రాయుచు తన్ను తాను గమనించుకొనుట, తనకు తాను మాటలు చెప్పుకొనుట, సాధించినపుడు తన్ను తాను మెచ్చుకొనుట దీనికి మూలములు. ఉపాధ్యాయుడు మొదట తన ఆలోచనను పైకి పలుకుచు నల్లబల్లపై వ్రాసి చూపును. పిదప పిల్లలతో కలిసి వ్రాయును. క్రమముగా చేయూత తగ్గించి వారిని విడిచిపెట్టును. గ్రాహం, పెరిన్ అనువారు 2007లో 4 నుండి 12 తరగతుల వారిపై జరిగిన ప్రయోగములను సమీక్షించి, వ్యూహబోధనకు 0.82 ప్రభావపరిమాణమును, అందు ఈ పద్ధతికి 1.14ను లెక్కగట్టిరి. వ్యాకరణబోధనకు వచ్చిన అంకె సున్నకు దిగువ, −0.32. వ్యాకరణాభిమానులకు ఇది రుచింపదు. అయినను ఆ ప్రయోగములు ప్రధానముగా ఆంగ్లరచనకు చెందినవను మాట మరువరాదు.

చిక్కు దిగుమతిలో నున్నది. మాట, కారణములు, వివరణ, ముగింపు అను నాలుగంగములకు ఆంగ్లమున 'ట్రీ' యను పదము జ్ఞాపకసూత్రము. దానిని 'వృక్షము' అని అనువదించినచో అక్షరములు పోయి బొమ్మ మాత్రము మిగులును. 'మా, కా, వి, ము' అని తెలుగక్షరములే కూర్చుకొనుట మేలు.

అంతకంటె ముఖ్యమైనది, బాలుడు తనలో తాను ఏ భాషలో మాటలాడవలెనను ప్రశ్న. హోసూరు ప్రాంతపు బాలుడు "ఈడ నిలిచిపోతిని, ఇంకేం చెప్పల్ల?" అని తలచును. ఉపాధ్యాయుడు దానినే "ఇచ్చట ఆగిపోయితిని" అని పలికి చూపినచో ఆత్మసంభాషణ కూడ అప్పగింత పాఠమగును. వ్యాసము గ్రంథభాషలో నుండవచ్చును. ఆలోచన ఇంటి తెలుగులో సాగనీయవలెను. ఇంటి మాటను తప్పని అదలించు తరగతిలో ఈ పద్ధతి మొదటి మెట్టెక్కదు.

తమిళనాడున 2006 నాటి చట్టముతో తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగా నిర్బంధమైనది. తమిళలిపిలో క, గ లకు ఒక్కటే అక్షరము. అందుచే ఆ లిపికి అలవాటుపడిన చేయి తెలుగులో తడబడుట సహజము. దానిని ఆలోచనలోపముగా నెంచుట అన్యాయము. స్వీయపరిశీలన పట్టికలో ఒత్తులును, వరుసలును, భావమును ఒకేసారి చేర్చినచో బాలుడు మొదటి పంక్తి దాటడు. భావమున కొక చదువు, అక్షరములకు వేఱొక చదువు కావలెను.

మూడు కారణములు లెక్కకు వచ్చినంతనే వ్యాసము పూర్తియైనదనుకొను అలవాటును ఈ పద్ధతి కలిగింపవచ్చును. ఇది పరీక్షకు నచ్చు దోషము. మఱియు దీనికి వారములకొలది కాలము కావలెను. తెలుగునకు పీరియడ్లు కొలదిగా నున్నచోట కథ, వ్యాసము, లేఖ అన్నియు నొకేయేట చేపట్టక, ఊరిలోని తాతకో అవ్వకో వ్రాయు లేఖ యొక్కటితో మొదలుపెట్టుట సాధ్యమైన పని.