డ్రోన్ మెకానిక్ పనితనం

సముద్రతీరంలో ఎగిరివచ్చిన కెమెరా డ్రోన్‌ను బాగుచేయడానికి చేతినేర్పు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. మంచి మెకానిక్ ముందుగా బ్యాటరీ తీసేస్తాడు. తడి ఉండగా కరెంటు పారితే ఉప్పునీరు సర్క్యూట్‌ను పాడుచేస్తుంది. తర్వాత ఒక్కో మోటారును వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. గరగరమంటే లోపల ఇసుక చేరినట్టే. భీమిలి వంటి తీరాల నల్ల ఇసుకలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. మోటారులోని అయస్కాంతాలు ఆ రేణువులను పట్టేస్తాయి. గాలి ఊదినంత మాత్రాన అవి ఊడిరావు. జిగురు టేపు కొసతో ఓపిగ్గా ఏరాలి.

కెమెరాను నిలకడగా ఉంచే గింబల్ మరీ సున్నితం. అందులో ఒక్క రేణువు ఇరుక్కున్నా దృశ్యం వణకవచ్చు. నేర్పరి దాన్ని బలవంతంగా తిప్పడు, మెత్తని కుంచెతో దులుపుతాడు.

గాలిలోని తేమను ఉప్పు పీల్చి, రోజుల తరబడి లోహాన్ని తింటూనే ఉంటుంది. అందుకే బోర్డుపై పచ్చగా పేరుకున్న చిలుమును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెడతాడు. సముద్రపు నీట మునిగిన లిథియం బ్యాటరీని మాత్రం మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టడు. అది అంటుకునే ప్రమాదం ఉంది.

చివరగా ఇనుప వస్తువులకు దూరంగా డ్రోన్‌లోని దిక్సూచిని సరిచేసి, గీతలు పడిన రెక్కలు మార్చి, తక్కువ ఎత్తులో కాసేపు నిలిపి చూస్తాడు. ఊగకుండా నిలిచి, చిత్రం స్థిరంగా వస్తేనే డ్రోన్‌ను యజమానికి అప్పగిస్తాడు.